బింగో ఆగిన ఆదివారం

రేవన్‌డీన్‌లో సముద్రపు ఒడ్డు నల్లగా ఉంటుంది. ఊరి బొగ్గు గని పారబోసిన మట్టి, రాళ్లు, బొగ్గుపొడి కలిసి ఇసుకను ఎప్పుడో మింగేశాయి. పోటు వెనక్కి తగ్గినప్పుడు కొందరు గుర్రబ్బండ్లు తోలుకుని దిగి, కెరటాలు వదిలిపోయిన బొగ్గును పారలతో ఎత్తుకుంటారు. నోరీన్ హెస్లాప్ తండ్రి అలాంటి మనిషి. ఆయన పోయినప్పుడు నోరీన్‌కు తొమ్మిదేళ్లు. తల్లి అంతకు ముందే లేదు. నానమ్మ ఆడా పెంచింది.

మా వైపు ఊళ్లలో పిల్లలకు కవాతు బృందాలుండేవి. రంగు దుస్తులు, నోటితో ఊదే రేకు బాకాలు, డప్పులు. ఎండాకాలమంతా వీధుల వెంట నడుస్తూ వాయించేవారు. నోరీన్‌కు బాకా ఇచ్చారు. ఆమె దాన్ని పక్క పిల్లకు ఇచ్చేసి డప్పు తీసుకుంది. పెద్దపిల్ల అయ్యాక కవాతు మానేసింది, డప్పు మానలేదు.

ఇరవయ్యో ఏట ఆమె, కోలిన్ రేన్, లెస్ ఆర్డ్ కలిసి బ్యాండ్ పెట్టారు. కోలిన్ పాడతాడు, గిటార్ వాయిస్తాడు. లెస్‌ది బేస్ గిటార్. వాన్ కూడా లెస్‌దే. బ్యాండ్‌కు సీకోలర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఒడ్డున బొగ్గు ఏరుకునేవాళ్లు అని అర్థం. ఊళ్లో అది తిట్టు. కోలిన్ వద్దన్నాడు. "ఎలాగూ అంటారు కదా, మనమే ముందు అనేసుకుందాం," అంది నోరీన్.

మొదటి కచేరీ ఊళ్లోని కార్మికుల క్లబ్‌లో. పందొమ్మిది వందల డెబ్భై ఒకటి, అక్టోబరు, శనివారం సాయంత్రం.

ఆ క్లబ్‌కు కొన్ని కట్టుబాట్లున్నాయి. ఎవరి కుర్చీ వారిది. పాట నడుస్తుండగా ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు, మైకు ముట్టకూడదు. పాడేవాళ్లు నచ్చకపోతే కచేరీ కార్యదర్శి రెండు పాటల మధ్య వేదిక ఎక్కి, డబ్బు కవరు చేతిలో పెట్టి పంపించేస్తాడు. అలా పంపించిన సంగతి తెల్లారేసరికి జిల్లా అంతా తెలిసిపోతుంది. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు బింగో, చదివిన అంకెలను కార్డు మీద కొట్టేసుకునే పందెం ఆట. బింగో వేళకు బంతులు ఎగరేసే యంత్రాన్ని వేదిక ముందుకు తోసుకొస్తారు. అంతకు కాసేపు ముందే ఆడవాళ్ల చేతిసంచులు తెరుచుకుంటాయి. కార్డులు, పెన్నులు బయటికొస్తాయి. కుర్చీలు బల్లలవైపు తిరుగుతాయి. పాడేవాళ్లకు వీపులు మాత్రమే కనిపిస్తాయి.

కచేరీ కార్యదర్శి నార్మన్ పర్విస్. సన్నటి మనిషి, ఎప్పుడూ టై కట్టుకునేవాడు. నాలుగో పాట అవగానే వేదిక ఎక్కాడు. కవరు డ్రమ్ మీద పెట్టాడు.

"అయిపోయిందా?" అంది నోరీన్.

"అయిపోయింది పిల్లా. మీ మోతకి గోడమీద రాణీగారి పటం వంకరైంది."

"ఇంకా ఏడు పాటలున్నాయండీ," అన్నాడు కోలిన్.

"దాచుకోండి బాబూ. ముసలితనంలో పనికొస్తాయి."

హాలులో ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఎవరూ ఇటు చూడటం లేదు. అప్పటికే వీపులు తిరిగాయి. ఆ వీపుల్లో నానమ్మ వీపు ఒకటి.

ఇంటికొచ్చాక నోరీన్ నానమ్మతో అంది. "నువ్వు కూడా అటు తిరిగావు."

"తిరగనా మరి? కార్డు మెడ వెనక పెట్టుకుని చూడనా?"

"మా పాట బాగాలేదా?"

"పాట సంగతి నాకేం తెలుసు. బింగో సంగతి తెలుసు. క్లబ్‌లోకి వరద నీళ్లొచ్చినప్పుడు కాళ్లు కుర్చీల మీద పెట్టుకుని ఆడాం. మీ తాత పోయిన రోజు మాత్రం నేను వెళ్లలేదు. మర్నాడు వెళ్లాను. దాన్ని ఆపిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు."

"ఎవరైనా ఆపితే?"

"ఆపితే వాళ్లు గెలిచినట్టే. నిద్రపో."

నోరీన్ నిద్రపోలేదు. తనకేం కావాలో ఆమెకు ఆ రోజు తెలిసింది. అది పేరు కాదు, లండన్ కాదు. తను పుట్టిన ఊళ్లో, ఆ హాలులో, తమ పాట కోసం బింగో ఆగాలి. ఆ మాట ఆమె కోలిన్‌కూ లెస్‌కూ చెప్పింది. కోలిన్ పిచ్చి అన్నాడు. లెస్ కాసేపు ఆలోచించి, దానికన్నా చంద్రుడి మీద పాడటం తేలిక, అక్కడికి ఇప్పటికే మనుషులు వెళ్లొచ్చారు, అన్నాడు.

తర్వాత ఆరేళ్లు వాన్‌లో గడిచాయి. కార్లైల్, గ్లాస్గో, హల్, రోటర్‌డామ్. వానలో తడిసిన దుప్పట్లు, చల్లారిన చిప్స్. వాన్ తలుపు మూసుకోకపోతే దాన్ని తాడుతో కట్టి, ఆ తాడు కొస నోరీన్ చేతికిచ్చేవారు. పాటలు ముగ్గురూ కలిసి కట్టేవారు. కోలిన్ మాటలు తెచ్చేవాడు, నోరీన్ వాటిలో సగం కొట్టేసేది. మిగిలిన సగం నిలబడేది.

మాంచెస్టర్‌లో ఒక రికార్డుల కంపెనీ బ్యాండ్ పాట ఒకటి విన్నది. పేరు 'నల్ల ఒడ్డు'. రికార్డు చేద్దామన్నారు. ఒక షరతు పెట్టారు. స్టూడియోలో డ్రమ్స్ మరొకరు వాయిస్తారు, అనుభవమున్న మగమనిషి. వేదికల మీద అమ్మాయి ఉంటే ఫర్వాలేదు, చూడ్డానికి బాగుంటుంది.

కోలిన్ నేల చూశాడు. ఒప్పుకోవాలని అతని మనసులో ఉంది. లెస్ బల్ల మీది వాన్ తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు కంపెనీ మనిషి.

"ఇంటికండీ. వాన్ నాది. ఆమె లేకపోతే వాన్ లేదు. వాన్ లేకపోతే ఇతను నడిచి రావాలి. ఇతనికి కాళ్లు నొప్పులు."

నోరీనే వాయించింది. ఆ పాట రికార్డు అమ్మకాల జాబితాలో ఇరవై మూడో స్థానం దాకా వెళ్లింది. టీవీలో కూడా ఒకసారి చూపించారు. రేవన్‌డీన్‌లో ఆ సాయంత్రం వీధిలో మనిషి లేడు. మర్నాడు నానమ్మ ఫోన్ చేసి, "జుట్టు దువ్వుకోవచ్చు కదే," అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమె వీధి చివరి ఫోన్ దాకా వానలో నడిచిందని నోరీన్‌కు తర్వాత తెలిసింది.

అప్పుడు క్లబ్ మళ్లీ బ్యాండ్‌ను పిలిచింది. డిసెంబరు, డెబ్భై ఏడు. హాలు నిండిపోయింది. గోడల వెంట నిలబడ్డారు. ఈసారి నార్మన్ కవరు తీసుకుని రాలేదు. పాట పాటకీ చప్పట్లు పడ్డాయి. 'నల్ల ఒడ్డు' ఇంకా మిగిలి ఉంది. దాన్ని కోలిన్ చివరికి దాచాడు. అంతలో బింగో వేళైంది. సంచులు తెరుచుకున్నాయి. కుర్చీలు తిరగడం మొదలైంది.

నోరీన్ లేచి మైకు దగ్గరికి వచ్చింది.

"ఒక్క పాటండీ," అంది. "ఇవాళ్టికి బింగో ఆగుతుందా?"

గ్లాసులు బల్లల మీద ఆగాయి. బార్ వెనక మనిషి కుళాయి కట్టేశాడు. మా ఊళ్లో అడిగి తెచ్చుకునేవి చాలా ఉన్నాయి. చక్కెర, నిచ్చెన, పార. ఇది అడిగేది కాదు. ఎవరైనా పరాయివాడు అడిగితే తెలియక అడిగాడనుకుని నవ్వేసేవారు. ఊరి పిల్ల అడిగింది. టీవీలో కనిపించాక అడిగింది. అందులో ఉన్న డాబు అందరికీ వినిపించింది, ఆమెకు తప్ప.

నార్మన్ మైకు అందుకుని మెల్లగా అన్నాడు. "గని లిఫ్టుని ఆగమని అడుగు పిల్లా, ఆగుతుందేమో."

సోమవారం క్లబ్ కమిటీ ముగ్గురినీ పిలిచింది. కమిటీ గదిలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. తన తప్పు గురించి లోపల మాట్లాడుకుంటుంటే నోరీన్ వరండాలో కోట్ల పక్కన నిలబడింది. లెస్ బయటికొచ్చాడు.

"నిషేధం," అన్నాడు.

"ఎన్నాళ్లు?"

"అది చెప్పలేదు. వాళ్లు పోయేదాకానో, మనం పోయేదాకానో."

ఆ తర్వాత కాలం తిరిగింది. రెండో రికార్డు అమ్ముడుపోలేదు. కంపెనీ వదిలేసింది. కొత్త కుర్రకారు వచ్చారు, చిరిగిన చొక్కాలు, పిన్నులు. బర్మింగ్‌హామ్‌లో ఆ కుర్రాళ్లు బ్యాండ్ మీద ఉమ్మారు. అది మెచ్చుకోలు అని ఎవరో వివరించారు. "అయితే మా నానమ్మ వీపే నయం," అంటూ నోరీన్ డ్రమ్స్ మీది ఇత్తడి తాళాలు తుడుచుకుంది. లెస్ పనిరోజుల్లో బస్సు నడిపేవాడు. కోలిన్ తివాచీలు పరిచేవాడు. నోరీన్ బడి వంటింట్లో చేరింది. బ్యాండ్ మాత్రం ఆగలేదు. శని, ఆదివారాలు వాన్ ఎక్కేవారు. పాటలు ఇంకా కడుతూనే ఉన్నారు. చూసేవాళ్లు తగ్గినకొద్దీ పాటలు బాగుపడ్డాయి. ఆ మాట వాళ్ల మధ్య ఎవరూ పైకి అనలేదు. వాళ్లు పాడే వీల్లేని ఊరు ఉత్తరాన ఒక్కటే మిగిలింది, సొంత ఊరు.

ఎనభై ఆరు, సెప్టెంబరు. క్లబ్‌లో లావుపాటి లీక్ ఉల్లికాడల పోటీ ప్రదర్శన. పెరట్లలో ఏడాదంతా పిల్లల్లా పెంచిన లీకులను కడిగి, తెల్లటి కాడలు పైకి పెట్టి, పొడవాటి బల్ల మీద వరసగా పడుకోబెడతారు. ఆ ఒక్క ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లూ వస్తారు. మిగిలిన ఆదివారాలు వాళ్లు ఇంట్లో మాంసం కాల్చి, పిండి పుడ్డింగ్ పొంగించి మగవాళ్ల కోసం ఎదురుచూస్తారు.

ఆ ఉదయం నార్మన్ పర్విస్ నోరీన్ ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. టై ఉంది. వయసు పైబడింది. నానమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నేను కూర్చోను," అన్నాడు.

"కూర్చోమని ఎవరన్నారు," అంది నానమ్మ.

నార్మన్ నోరీన్‌వైపు తిరిగాడు. "లీడ్స్ నుంచి హాస్యగాడు రావాలి. దారిలో కారు పాడైందట."

"అతను చెప్పేవాటిలో అదే మంచి జోకు," అంది నానమ్మ.

"మీ వాళ్లిద్దరూ ఊళ్లో ఉన్నారా పిల్లా?"

"మా మీద నిషేధం ఉంది కదా, మిస్టర్ పర్విస్."

"పొద్దున బాయిలర్ గది పక్కన కమిటీ సమావేశమైంది. రెండు గంటల దాకా ఎత్తేశాం. రెండు తర్వాత మళ్లీ ఉంటుంది."

"బింగో?"

"ఒంటిగంటకి." అతను టై సరిచేసుకున్నాడు. "మళ్లీ అడగవు కదా?"

"అడగను."

అతను వెళ్లిపోయాడు. నానమ్మ చాకు పక్కన పెట్టింది. ఎనభై దాటినా ఆమె చూపు చురుకు.

"నీకో మాట చెప్తాను. మీరు పాట అయిపోగానే ఆగుతారు. వాడు తీగలు బిగిస్తాడు, వీడు బీరు తాగుతాడు, నువ్వు చేతులు తుడుచుకుంటావు. ఆ సందులోనే మా చెయ్యి సంచిలోకి పోతుంది. ఆ సందులోనే నార్మన్ దూరతాడు. సందు ఇవ్వకు."

నోరీన్ ఆమెవైపు చూసింది. "పదిహేనేళ్ల క్రితం చెప్పొచ్చు కదా."

"పదిహేనేళ్ల క్రితం నాకు బింగో కావాలి."

సామాను వాన్‌లోనే ఉంది, ముందురోజే కార్లైల్‌లో పాడి వచ్చారు. పన్నెండు కాగానే మొదలుపెట్టారు. హాలంతా లీకుల వాసన, బీరు వాసన, తడి కోట్ల వాసన. జనం మర్యాదగా విన్నారు. చప్పట్లు మర్యాదగా పడ్డాయి. తొమ్మిదేళ్ల నాటి తప్పు ఇంకా ఎవరూ మరవలేదు. నానమ్మ తన కుర్చీలో కూర్చుంది, సంచి ఒళ్లో ఉంది.

ఒంటిగంట దగ్గర పడుతుండగా ఒక పాట అయింది. కోలిన్ గిటార్ మీద చెయ్యి తీశాడు. నోరీన్ ఆపలేదు. కుడికాలు పెద్ద డ్రమ్ మీద నడుస్తూనే ఉంది. కోలిన్ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె తల ఊపింది. అతనికి అర్థం కాలేదు. లెస్‌కు అర్థమైంది. ఆ నడక మీద తర్వాతి పాట తీగ మీటాడు. కోలిన్ అందుకున్నాడు. ఆ పాట చివర మళ్లీ ఆగలేదు. ఆమె చేతుల్లో తాళం మారింది, అంతే. ఒక గది తలుపు తీసి పక్క గదిలోకి నడిచినట్టు పాటలోంచి పాటలోకి వెళ్లారు.

నార్మన్ యంత్రాన్ని తోసుకుంటూ వేదిక పక్కకు వచ్చాడు. ప్లగ్ చేతిలో ఉంది. సందు కోసం నిలబడ్డాడు. సందు లేదు. పాట నడుస్తుంటే మైకు ముట్టకూడదు. ఆ కట్టుబాటును ముప్పై ఏళ్లుగా కాపాడుతున్నది అతనే. గోడ గడియారంలో ఒంటిగంట దాటింది. కమిటీ మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకరు నార్మన్‌వైపు చెయ్యి ఊపారు. నార్మన్ తల అడ్డంగా ఊపి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

లెస్ నవ్వడం మొదలుపెట్టాడు. కోలిన్ గొంతుకు పదేళ్ల వయసు తగ్గింది. బింగో ఆగింది.

నోరీన్ హాలువైపు చూసింది. జనం కదలడం లేదు. కానీ బల్లల మీద కార్డులున్నాయి. చేతుల్లో పెన్నులున్నాయి. సగం కుర్చీలు అటు తిరిగి ఉన్నాయి. వాళ్లను ఆపింది పాట కాదు, కట్టుబాటు. వాన్‌లో లాగే ఆమె ఒక తాడుతో తలుపు బిగించి పట్టుకున్నట్టుంది. వదిలితే తెరుచుకుంటుంది.

కోలిన్ మళ్లీ వెనక్కి చూశాడు. ఆపకు అన్నాయి అతని కళ్లు.

పాట చివర ఆమె ఆపింది. రెండు చేతులూ తాళాల మీద వేసి మోతను నొక్కేసింది. కర్రలు ఒళ్లో పెట్టుకుంది. మైకు వైపు వెళ్లలేదు. ఏమీ అడగలేదు.

నిశ్శబ్దం. నార్మన్‌కు కావాల్సినంత సందు.

అతను వేదిక ఎక్కాడు. మైకు మీద వేలితో కొట్టాడు. "అందరూ దయచేసి నిశ్శబ్దంగా..." అన్నాడు. అప్పటికే నిశ్శబ్దంగా ఉన్నారు.

వెనక వరసలో, లీకుల బల్ల పక్కన, గనిలో పనిచేసి మానేసిన ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"తర్వాతిది ఏంటి?" అన్నాడు.

"బింగో," అన్నాడు నార్మన్.

"నిన్ను కాదు. ఆ పిల్లని అడుగుతున్నా."

నార్మన్ నోరు తెరిచాడు. అప్పుడు చిన్న చప్పుడు వినిపించింది. చేతిసంచి కొక్కెం మూసుకున్న చప్పుడు. నానమ్మది కాదు. కిటికీ పక్కన చేపల కొట్టు ఆవిడది. తర్వాత ఇంకొకటి. తర్వాత అటు రెండు, ఇటు మూడు. వాన మొదలైనట్టు హాలంతా కొక్కేలు మూసుకున్నాయి. కుర్చీలు ఇటు తిరిగాయి. ముఖాలు కనిపించాయి. ఆ హాలులో అన్ని ముఖాలుంటాయని నోరీన్ ఎప్పుడూ అనుకోలేదు.

నానమ్మ పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. ఆమె చుట్టూ చూసింది. "సరే," అంది ఎవరితోనూ కాకుండా. పెన్ను లోపల వేసి సంచి మూసింది.

నార్మన్ మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ మాట అనడం అతనికి తెలియదు, ఎప్పుడూ అనలేదు. "బింగో..." అన్నాడు. ఆగాడు. "బింగో కాసేపటి తర్వాత."

ప్లగ్ చుట్టి యంత్రం మీద పెట్టి, వేదిక మెట్టు మీదే కూర్చున్నాడు.

"తర్వాతిది కొత్తది," అన్నాడు కోలిన్. "ఎవరూ వినలేదు."

"వాయించండి మరి," అన్నాడు ముసలాయన.

వాయించారు. ఆ పాట, దాని తర్వాతిది, ఇంకొకటి. ఈసారి మధ్యలో ఆగారు. లెస్ బీరు తాగాడు, కోలిన్ తీగ బిగించాడు, నోరీన్ చేతులు తుడుచుకుంది. ఆ సందుల్లో ఎవరూ దూరలేదు. చప్పట్లు దూరాయి, ఈలలు దూరాయి. చివరన 'నల్ల ఒడ్డు' మొదలుపెట్టగానే కోలిన్ పాడాల్సిన పని లేకపోయింది. తొమ్మిదేళ్లుగా మా ఊరు ఆ పాటను ఇళ్లలో, స్నానాల గదుల్లో, గని లిఫ్టులో పాడుకుంటూనే ఉంది. బ్యాండ్ ఎదుట పాడటం అదే మొదటిసారి. బల్ల మీద గ్లాసులు కదిలాయి. బహుమతి లీకు ఒకటి దొర్లి కింద పడింది. దాని యజమాని తర్వాతి చరణం అయ్యాక తీశాడు.

అయిపోయాక నోరీన్ డ్రమ్స్ వెనకే కూర్చుండిపోయింది. లెస్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. ముఖాలు చూస్తున్నా."

క్లబ్ రెండింటికి మూసేయాలి, అది చట్టం. బింగోకు ఒక్క ఆటకే వేళ మిగిలింది. నోరీన్ వేదిక దిగి వస్తుంటే నానమ్మ పక్కనున్నావిడ లేచి, తన కుర్చీని ఆమెకిచ్చింది. ఆ కుర్చీలో నలభై ఏళ్లుగా ఆవిడ తప్ప మరొకరు కూర్చోలేదు.

"బాగుందా?" అని అడిగింది నోరీన్.

"తల దువ్వుకోలేదు మళ్లీ," అంది నానమ్మ. కార్డు సగం ఆమెవైపు జరిపింది. "అటు వరస నువ్వు చూడు. నాకు కళ్లు సరిగ్గా కనబడటం లేదు." ఆమె రుమాలు తీసి తుడుచుకుంది.

నార్మన్ అంకెలు చదవడానికి మైకు అందుకున్నాడు. గొంతు రాలేదు. దగ్గి మళ్లీ ప్రయత్నించాడు. బొంగురుగా గాలి వచ్చింది. మెట్టు మీద కూర్చుని తను కూడా పాడానని అతను ఆ రోజు ఒప్పుకోలేదు, తర్వాత ఎన్నడూ ఒప్పుకోలేదు. కమిటీలో ఇంకొకరు అంకెలు చదివారు. రెండు దాటాక నిషేధం తిరిగి పెట్టే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఆదివారం రేవన్‌డీన్‌లో పొయ్యిలో పెట్టి వచ్చిన మాంసం మాడింది, పుడ్డింగులు కుంగిపోయాయి. ఊరంతా ఆలస్యంగా తిన్నది. తింటున్నంతసేపూ బల్లల మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉంది.